అధిక బరువు – రెండవ రకం మధుమేహం: నడుము కొలత చెప్పే సంగతి

మధుమేహాన్ని గురించి తెలుగు కుటుంబాలలో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. “లావుగా ఉన్నవారికే షుగరు వస్తుంది” అనేది ఒకటి. “వంశంలో ఉంటే ఏం చేసినా తప్పదు” అనేది రెండవది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. ఏదీ పూర్తి నిజం కాదు. మొదటి మాటను నమ్మినందువల్ల చూపులకు సన్నగా ఉన్నవారు పరీక్ష చేయించుకోరు. రెండవ మాటను నమ్మినందువల్ల తల్లికో తండ్రికో జబ్బు ఉన్నవారు ప్రయత్నమే మానుకుంటారు. ఉభయులకూ నష్టమే. రెండవ రకం మధుమేహం మొదటి సంవత్సరాలలో నొప్పి కలిగించదు, పనికి అడ్డం రాదు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, గుండె మాత్రం ఆ సంవత్సరాలలోనే దెబ్బతినసాగుతాయి.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2008 నుండి 2020 వరకు దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరి 13.6 కోట్ల మంది జబ్బుకు ముందుదశలో ఉన్నారు. ఆ సర్వేలోనే గమనించదగిన మరొక జత అంకెలు ఉన్నాయి. ఎత్తుకు తగిన బరువు లెక్క ప్రకారం స్థూలకాయులు 28.6 శాతం, పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినవారు 39.5 శాతం. అంటే తూకంలో స్థూలకాయులు కానివారిలోనూ పొట్ట పెరిగినవారు ఎందరో ఉన్నారు. మధుమేహానికి దారితీసే బరువు ఏది అన్న ప్రశ్నకు సమాధానం ఈ తేడాలోనే ఉన్నది.

మధుమేహంలో మొదటి రకం వేరు. అందులో శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది; దానికి అధిక బరువు కారణం కాదు. ఇక్కడ చెప్పుకొనేది పెద్దలలో అత్యధికంగా కనిపించే రెండవ రకాన్ని గురించి మాత్రమే.

ఇన్సులిన్ చేసే పని

అన్నం, రొట్టె, పండ్లు, చక్కెర మొదలైన వాటిలోని పిండిపదార్థాలు జీర్ణమై, గ్లూకోజు రూపంలో రక్తంలో కలుస్తాయి. కడుపు వెనుక ఉండే క్లోమగ్రంథి ఆ సమయంలో ఇన్సులిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. ఇన్సులిన్ చేసే పనులు ముఖ్యంగా మూడు. కండరాలు గ్లూకోజును లోపలికి తీసుకొనేటట్లు చేయడం మొదటిది. వాడుకోగా మిగిలిన శక్తిని కాలేయంలోను, కొవ్వు కణజాలంలోను దాచిపెట్టించడం రెండవది. కాలేయం తనంతట తాను గ్లూకోజును తయారుచేసి రక్తంలోకి వదలడాన్ని అదుపులో ఉంచడం మూడవది.

ఈ మూడవ పని సంగతి చాలామందికి తెలియదు. “రాత్రి ఏమీ తినకుండా పడుకున్నా పొద్దున చక్కెర ఎందుకు ఎక్కువగా ఉన్నది?” అని మధుమేహం ఉన్నవారు ఆశ్చర్యపోతుంటారు. రాత్రంతా మెదడుకు, ఇతర అవయవాలకు కావలసిన గ్లూకోజును అందించేది కాలేయమే. ఇన్సులిన్ ఆజ్ఞ సరిగా పనిచేస్తే అవసరమైనంతే వదులుతుంది. ఆ ఆజ్ఞను లక్ష్యపెట్టని కాలేయం అవసరానికి మించి వదులుతుంది. పరగడుపున చక్కెర పెరగడానికి ముఖ్య కారణం ఇదే.

ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా స్పందించకపోవడాన్ని ఇన్సులిన్ నిరోధం అంటారు. నిరోధం పెరిగినకొద్దీ క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి పరిస్థితిని నెట్టుకొస్తుంది. అందువల్ల సంవత్సరాల తరబడి రక్తపరీక్ష బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. క్రమంగా క్లోమం అలసిపోతుంది. జబ్బు బయటపడేనాటికి ఇన్సులిన్ తయారుచేసే సామర్థ్యం దాదాపు సగానికి పడిపోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనం అంచనా వేసింది. జబ్బు పరీక్షలో కనిపించిన రోజునే మొదలైనది కాదు.

గాదె నిండిన తరువాత

కొవ్వు తనంతట తాను శత్రువు కాదు. చర్మం కింద, ముఖ్యంగా తొడలు, పిరుదుల వద్ద ఉండే కొవ్వు శరీరానికి గాదె వంటిది. పంట ఎక్కువగా వచ్చినప్పుడు ధాన్యాన్ని గాదెలో పోసి, కరువులో తీసి వాడుకొన్నట్లే శరీరమూ మిగులు శక్తిని అక్కడ దాచి, అవసరమైనప్పుడు తీసుకొంటుంది. గాదెలో ఖాళీ ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. గాదె నిండిన తరువాత కూడా ధాన్యం వస్తూనే ఉంటే వసారాలో పోయాలి, ఆ తరువాత వంటింట్లో పోయాలి. అప్పుడు ఇంట్లో నడవడానికి, వండుకోవడానికి చోటు ఉండదు.

శరీరంలో జరిగేదీ ఇదే. చర్మం కింది కొవ్వు తన పరిమితికి చేరిన తరువాత మిగులు కొవ్వు పొట్టలోపలి అవయవాల చుట్టూ, ఆ పిమ్మట కాలేయంలోపల, కండరాలలో, చివరకు క్లోమంలో పేరుకొంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ ఆజ్ఞను లక్ష్యపెట్టదు. అది అధికంగా గ్లూకోజును వదలడమే కాక కొవ్వును కూడా రక్తంలోకి పంపుతుంది. ఆ కొవ్వు క్లోమాన్ని చేరి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను మందగింపజేస్తుంది. ఒకవైపు ఇన్సులిన్ అవసరం పెరుగుతుంది. మరొకవైపు దాని ఉత్పత్తి తగ్గుతుంది. ఈ రెండు చక్రాలు ఒకదానినొకటి తిప్పుకొంటూ పోవడమే రెండవ రకం మధుమేహం అని బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాయ్ టేలర్ వివరించారు.

అందరి గాదెలూ ఒకే పరిమాణంలో ఉండవు. పెద్ద గాదె ఉన్నవారు ఎంతో బరువు పెరిగినా మధుమేహం లేకుండా ఉండవచ్చు. చిన్న గాదె ఉన్నవారికి కొద్దిగా బరువు పెరిగినా ధాన్యం వంటింట్లోకి చేరుతుంది. గాదె ఎంతటిదన్నది కొంతవరకు వంశపారంపర్యమే. అందులో ఎంత పోయాలన్నది మాత్రం వంశం నిర్ణయించదు.

చూపులకు సన్నం, లోపల కొవ్వు

భారతీయుల గాదె చిన్నదని చూపే ఆధారాలలో ప్రసిద్ధమైనవి కొన్ని మహారాష్ట్రలోని పుణె నుండే వచ్చాయి. అక్కడి వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన పరిశోధకుడు జాన్ యుడ్‌కిన్ కలసి 2004లో తమ ఇద్దరి ఛాయాచిత్రాన్ని ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచికా ఒక్కటే, 22.3. శరీరంలో కొవ్వు కొలిచినప్పుడు యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉన్నట్లు తేలింది. సూచిక ఒక్కటే అయినా కొవ్వు రెట్టింపు కంటె ఎక్కువ.

ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతున్నదని యాజ్ఞిక్ బృందం పుణె పరిసర గ్రామాలలో గమనించింది. అక్కడి నవజాత శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువుల సగటు 3.5 కిలోలు. బరువు అంత తక్కువైనా పుణె శిశువులలో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. గర్భంలోనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అనే అమరికతో పుట్టిన బిడ్డ పెద్దయ్యాక కూడా అదే అమరికతో ఉంటే, కొద్దిపాటి బరువు కూడా భారమే.

2021లో ఇంగ్లండులో దాదాపు 15 లక్షల మంది ఆరోగ్య రికార్డులను పరిశీలించిన అధ్యయనం దీనికి అంకెలలో రూపం ఇచ్చింది. తెల్లజాతివారిలో సూచిక 30కి చేరినప్పుడు మధుమేహం ముప్పు ఎంత ఉంటుందో, దక్షిణాసియా మూలాలవారికి 23.9 వద్దనే అంత ఉంటుంది. ఈ కారణంగానే భారతీయులకు హద్దులు తగ్గించి నిర్ణయించారు. అంతర్జాతీయంగా సూచిక 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం అంటారు. భారతీయులకు 23 నుండే అధిక బరువుగా, 25 నుండే స్థూలకాయంగా పరిగణిస్తారు.

ఒకే తల్లి పిల్లలు, రెండు ఊళ్లు

వంశమే అంతా అయితే, అన్నదమ్ములందరికీ ఒకే ముప్పు ఉండాలి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ విషయాన్ని చక్కగా పరీక్షించింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల కర్మాగారాలలో పనిచేయడానికి పల్లెల నుండి వచ్చినవారిని, పల్లెలోనే ఉండిపోయిన వారి తోబుట్టువులతో పోల్చింది. పురుషులలో పల్లెవాసులకు స్థూలకాయం 19 శాతం ఉండగా నగరానికి వచ్చినవారికి దాదాపు 38 శాతం ఉన్నది. మధుమేహం పల్లెవాసులలో సుమారు 6 శాతం, నగరానికి వచ్చినవారిలో సుమారు 14 శాతం. స్త్రీలలోనూ ఇదే ధోరణి కనిపించింది. రక్తం ఒక్కటే, మారినది ఊరు, పని, తిండి.

బతుకుతెరువు కోసం తరాల క్రితం తెలంగాణ జిల్లాల నుండి సోలాపూర్‌కు వచ్చి స్థిరపడిన కుటుంబాలకైనా, నిన్నమొన్న వచ్చినవారికైనా ఈ అధ్యయనం పనికివచ్చే పాఠమే. సోలాపూర్ తూర్పు పేటలలో తెలుగువారి ప్రధాన వృత్తులు రెండు: నేత, బీడీలు చుట్టడం. ఒడిలో చాట పెట్టుకొని పొద్దున్నుండి సాయంత్రం దాకా తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే స్త్రీకి వేళ్లు, మెడ, నడుము, కళ్లు అలసిపోతాయి. అయితే ఆ పనిలో కాళ్లలోని, తొడలలోని పెద్ద కండరాలకు పని దాదాపు లేదు. సాంచెల మధ్య నిలబడి దారం తెగిన చోట ముడివేసే కార్మికునికి నిలువుకాళ్ల అలసట ఉంటుంది; ఊళ్లో నాగలి పట్టినవారికి, మైళ్లు నడిచినవారికి ఖర్చయినంత శక్తి ఖర్చు కాదు. అలసట వేరు, శరీర శ్రమ వేరు. “రోజంతా కష్టపడుతున్నాం, ఇంకా వ్యాయామం ఎందుకు?” అన్న ప్రశ్నకు సమాధానం ఈ తేడాయే. పని అలసటను ఇస్తున్నది. కండరాలు గ్లూకోజును వాడుకొనే అవకాశాన్ని ఇవ్వడం లేదు.

దారంతో కొలత

బరువు, ఎత్తులతో లెక్కించే సూచికను ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలో తీసుకొని దానిని దానితోనే గుణించి, వచ్చిన దానితో బరువును భాగించాలి. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉంటే 1.6ను 1.6తో గుణించగా 2.56, 64ను 2.56తో భాగించగా 25. భారతీయుల హద్దు ప్రకారం ఇది స్థూలకాయపు మెట్టు. అదే ఎత్తువారికి 59 కిలోల వద్దనే అధిక బరువు మొదలవుతుంది.

సూచిక కంటె సులువైనది, కొవ్వు ఎక్కడ ఉన్నదో చెప్పేది నడుము కొలత. దర్జీ వాడే టేపు చాలు. నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగా మధ్యలో, చర్మానికి తగిలేటట్లు టేపు చుట్టాలి. పొట్ట లోపలికి లాగకూడదు. మామూలుగా ఊపిరి వదిలిన తరువాత కొలత చూడాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. ప్యాంటు నడుము సైజు ఈ కొలత కాదు. పొట్ట కిందికి జార్చి కట్టుకొన్న బట్ట పొట్ట కొలత చెప్పదు.

టేపు లేని ఇంట్లో నూలు దారం ఉంటుంది. మనిషి ఎత్తుకు సరిగా దారం తీసి, దానిని సగానికి మడిచి నడుము చుట్టూ చుట్టాలి. రెండు కొసలూ సులువుగా కలిస్తే నడుము ఎత్తులో సగం కంటె తక్కువగా ఉన్నది. కొసలు కలవకపోతే పొట్టలో కొవ్వు పెరిగిందని అర్థం. అటువంటివారు తూకం ఎంత చూపినా రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

చేతిలో ఉన్న సగం

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో భారతీయుల కోసం 100 మార్కుల ముప్పు పట్టిక రూపొందించింది. అందులో రక్తం తీయవలసిన పని లేదు. నాలుగు విషయాలకు మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు ఎక్కువైతే ముప్పు ఎక్కువ.

వయస్సు: 35 లోపు 0, 35 నుండి 49 వరకు 20, 50 దాటితే 30.

నడుము: హద్దు లోపల 0, స్త్రీలకు 80–89, పురుషులకు 90–99 సెంటీమీటర్లు అయితే 10, అంతకు మించితే 20.

శ్రమ: బాగా వ్యాయామం లేదా కాయకష్టం 0, మధ్యరకం 10, స్వల్పం 20, కూర్చున్న పని, వ్యాయామం లేదు 30.

వంశం: తల్లిదండ్రులలో ఎవరికీ లేకపోతే 0, ఒకరికి ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20.

మొత్తం 60 లేదా అంతకు మించితే ముప్పు ఎక్కువ. 30 నుండి 50 వరకు మధ్యస్థం. 30 లోపు తక్కువ. ఉదాహరణకు 40 సంవత్సరాల స్త్రీ, నడుము 86 సెంటీమీటర్లు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే పని, తల్లికి మధుమేహం అనుకొందాం. వయస్సుకు 20, నడుముకు 10, శ్రమకు 30, వంశానికి 10, మొత్తం 70. ఆమె నడుము 80 లోపలికి వచ్చి, రోజూ నడక అలవాటై శ్రమ మధ్యరకానికి చేరితే మొత్తం 40 అవుతుంది. వయస్సు మారలేదు, తల్లి మారలేదు. ముప్పు మాత్రం పై వరుస నుండి మధ్య వరుసకు దిగింది.

పట్టికను మరొకసారి పరిశీలిస్తే ఒక సంగతి తెలుస్తుంది. 100 మార్కులలో వయస్సుకు 30, వంశానికి 20. ఈ 50 ఎవరి చేతిలోనూ లేవు. నడుముకు 20, శ్రమకు 30. ఈ 50 మనిషి చేతిలో ఉన్నాయి. “వంశంలో ఉంటే తప్పదు” అన్న మాట సగం లెక్క మాత్రమే.

పరీక్షలు, హద్దులు

జాతీయ కార్యక్రమం కింద 30 సంవత్సరాలు దాటిన స్త్రీపురుషులందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మధుమేహం, రక్తపోటు పరీక్షలు చేస్తారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయస్సు, నడుము కొలత, కుటుంబంలో జబ్బుల వివరాలు అడిగి పత్రం నింపేది ఇందుకోసమే. ఆ ప్రశ్నలకు సంకోచించకుండా సమాధానం చెప్పాలి.

పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోరాదు. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 100 నుండి 125 వరకు ముందుదశ. 126 లేదా అంతకు మించితే మధుమేహం. గ్లూకోజు నీళ్లు తాగిన 2 గంటలకు చేసే పరీక్షలో 140 లోపు మామూలు. 140 నుండి 199 వరకు ముందుదశ. 200 నుండి మధుమేహం. సుమారు 3 నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుండి 6.4 శాతం వరకు ముందుదశ, 6.5 నుండి మధుమేహం. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క పరీక్షతో నిర్ధారించరు. మరొకసారి చేసి చూస్తారు.

కేస్ పేపరు మీద, గోడ మీద, కిటికీ వద్ద కనిపించే, వినిపించే మరాఠీ మాటలు కొన్ని: ఉపాశీ పోటీ అంటే పరగడుపున, జేవణానంతర్ అంటే భోజనం తరువాత, రక్తాతీల్ సాఖర్ అంటే రక్తంలో చక్కెర, రక్తదాబ్ అంటే రక్తపోటు, కంబర్ అంటే నడుము, వజన్ అంటే బరువు, లఠ్ఠపణా అంటే స్థూలకాయం. ఉపాశీ పోటీ అని రాసి ఉన్న రోజున టీ తాగి వెళితే పరీక్ష వృథా అవుతుంది, ఆ పూట కూలీ కూడా పోతుంది.

ఎంత తగ్గితే ఎంత మేలు

ముందుదశలో ఉన్నవారు జబ్బును ఆపగలరా అన్న ప్రశ్నకు 2002లో అమెరికాలో స్పష్టమైన సమాధానం లభించింది. అక్కడ 3,234 మందిని మూడు జట్లుగా చేశారు. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవడం లక్ష్యంగా పెట్టుకొన్న జట్టులో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వాడిన జట్టులో తగ్గినది 31 శాతమే. తగ్గిన ప్రతి కిలోకు ముప్పు సుమారు 16 శాతం తగ్గినట్లు తరువాతి విశ్లేషణలో తేలింది. 70 కిలోల మనిషికి 7 శాతం అంటే 5 కిలోల లోపే.

చెన్నై వైద్యుడు ఎ. రామచంద్రన్ బృందం 531 మంది భారతీయులపై జరిపిన ఇటువంటి అధ్యయనం 2006లో వెలువడింది. సుమారు 3 సంవత్సరాలలో, మామూలు సలహాతో సరిపెట్టినవారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. తిండి, నడక మార్చుకొన్నవారిలో 39.3 శాతం మందికి వచ్చింది. వీరిలో బరువు పెద్దగా తగ్గకపోయినా మేలు కలిగింది. కనుక నెల రోజులు నడిచినా తూకంలో ముల్లు కదలలేదని నడక మానుకోవడం తగదు.

జబ్బు వచ్చిన తరువాత కూడా దారి మూసుకుపోలేదు. గత 6 సంవత్సరాలలో మధుమేహం బయటపడినవారితో బ్రిటన్‌లో జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. వైద్యుల పర్యవేక్షణలో కొన్ని నెలలు మితమైన ద్రవాహారంతో బరువు తగ్గించినవారిలో 46 శాతం మందికి ఏడాది తరువాత మందులు లేకుండానే చక్కెర మధుమేహపు హద్దు కిందికి వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో ఇది 86 శాతం. సూచిక 27 లోపు ఉన్న 20 మందితో 2023లో వెలువడిన చిన్న అధ్యయనంలోనూ, శరీర బరువులో సుమారు 10 శాతం తగ్గగా 14 మందికి ఇటువంటి ఫలితమే లభించింది. గాదె సంగతి ఇక్కడ రుజువైంది: వంటింట్లో పోసిన ధాన్యం తీసివేస్తే ఇల్లు మళ్లీ నడుస్తుంది. బరువు తిరిగి పెరిగితే జబ్బూ తిరిగి వస్తుంది. జబ్బు పాతబడినకొద్దీ ఈ అవకాశం సన్నగిల్లుతుంది. త్వరగా పరీక్ష చేయించుకోవాలని చెప్పేది ఇందుకే.

కంచంలో మార్పు, కాళ్లకు పని

భారతీయులు తీసుకొనే శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నదని 2025లో వెలువడిన జాతీయ సర్వే విశ్లేషణ చెబుతున్నది. బియ్యానికి బదులు గోధుమపిండో జొన్నపిండో వాడినంత మాత్రాన, మొత్తం పిండిపదార్థాలు తగ్గకపోతే, ముప్పు తగ్గలేదని కూడా అది చూపింది. సోలాపూర్ జొన్నరొట్టె మంచి ఆహారమే. అన్నం మానేసి నాలుగు రొట్టెలు తింటే మాత్రం లెక్క మారదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుండి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతానికి మించరాదు.

ఆచరణలో ఇది సులువైనదే. రొట్టెల్లో ఒకటి తగ్గించి, ఆ చోట పప్పు, ఉడికించిన పెసలు, గుడ్డు, పెరుగు వంటివాటిలో ఒకటి పెంచాలి. సగం కంచం కూరగాయలు, ఆకుకూరలతో నిండాలి. పల్లికారం రుచికి చెంచాడు చాలు. పల్లీలలో నూనె ఎక్కువ. నూనెను డబ్బా నుండి వంపకుండా, నెలకు ఎంత కొంటున్నారో లెక్క చూసుకోవాలి.

చక్కెర లెక్క కూడా ఇటువంటిదే. టీ కప్పుకు రెండు చిన్న చెంచాలు వేస్తే సుమారు 10 గ్రాములు. రోజుకు 5 కప్పులంటే 50 గ్రాములు, అంటే 200 కేలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. టీ మానవలసిన పనిలేదు. చక్కెర సగం చేసి, కప్పులు మూడు చేస్తే 15 గ్రాములకు దిగుతుంది. నారళీ పున్నమినాడు మార్కండేయ రథోత్సవానికి చేసుకొన్న తీపి ఎవరినీ రోగిని చేయదు. రోజూ తెలియకుండా తాగే చక్కెరే చేస్తుంది.

ఇక నడక. రోజుకు 30 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు నడిస్తే 150 నిమిషాలు. ఒకేసారి కుదరనివారు ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడవవచ్చు. నడిచే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును తీసుకొంటుంది. భోజనం తరువాతి నడకకు ఉన్న ప్రత్యేక ప్రయోజనం ఇదే. కూర్చుని పనిచేసేవారు అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం శుభం కాదు. అతి దాహం, తరచు మూత్రం, నీరసం, చూపు మసకబారడం, పుండు మానకపోవడం, వీటితో పాటు మనిషి చిక్కిపోతుంటే, చక్కెర అదుపు తప్పి శరీరం తన కండనే కరిగించుకొంటున్నదని అనుమానించాలి. వెంటనే వైద్యుని చూడాలి.

ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా తిండి బాగా తగ్గించరాదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నడక మొదలుపెట్టామని మందులు తమంతట తాము మానరాదు. గర్భిణులు, బాలింతలు బరువు తగ్గే ప్రయత్నం చేయరాదు. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పి అమ్మే, పేరూ మోతాదూ లేని పొడులను, కషాయాలను నమ్మి మందులు ఆపినవారు మూత్రపిండాలు చెడిన తరువాత ఆసుపత్రికి వస్తే చేయగలిగినది తక్కువ.

మధుమేహం వచ్చినవారిని తిండిపోతులని, సోమరులని నిందించడం కూడా తగదు. గాదె చిన్నదై పుట్టడం ఎవరి తప్పూ కాదు. కూర్చుంటేనే కూలి దొరికే పని ఎవరూ కోరి ఎన్నుకొన్నది కాదు. నింద వల్ల జబ్బు దాచిపెట్టడమే పెరుగుతుంది.

చదివినవారు తమను తాము అడుగవలసిన ప్రశ్నలు

1. ఎత్తుకు సరిపోయే దారాన్ని సగానికి మడిచి చుట్టినప్పుడు ఇంట్లో ఎవరెవరి నడుము వద్ద కొసలు కలవడం లేదు?

2. ముప్పు పట్టికలో వచ్చిన మార్కులలో మార్చలేనివి ఎన్ని, మార్చగలిగినవి ఎన్ని?

3. 30 సంవత్సరాలు దాటినవారిలో ఇంతవరకు ఒక్కసారి కూడా పరగడుపు పరీక్ష చేయించుకోనివారు ఇంట్లో ఎవరు?

4. రోజుకు తాగే టీలో చక్కెర ఎన్ని గ్రాములు?

5. ఇప్పుడున్న బరువులో 7 శాతం అంటే ఎన్ని కిలోలు?

మూడవ ప్రశ్నకు ఒక్క పేరు వచ్చినా, ఆ మనిషిని ఈ వారంలోనే, టీ తాగకముందే, పేటలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి.